వెనక కాలి మోకాలి నొప్పి, హీల్ సైడ్ జారుడు: ఆల్పైన్ స్నోబోర్డు మీద మొదట కోణం మార్చాలా, క్యాంట్ మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. సాఫ్ట్ బూట్ల స్నోబోర్డు నుంచి ఆల్పైన్‌కి, అంటే గట్టి బూట్లతో అంచు మీద మంచుని కోస్తూ తిరిగే సన్న స్నోబోర్డుకి మారారు, ఇది రెండో సీజన్. బోర్డు నడుము (మధ్యలో సన్నని చోటు) 20 సెంటీమీటర్లు, బూటు అడుగు పొడవు 31 సెంటీమీటర్లు, మీ ఎత్తు 172. ముందు కాలు 55 డిగ్రీలు, వెనక కాలు 50, రెండు కాళ్ల మధ్య 52 సెంటీమీటర్లు. వెనక బైండింగ్ (బూటుని బోర్డుకి బిగించే పట్టు) కింద ఉన్న వెడ్జ్‌లన్నీ (వాలు ముక్కలన్నీ) పెట్టేశారు. అంటే మడమ ఎత్తూ, లోపలికి వంపూ రెండూ పూర్తిగా ఉన్నాయి. టో సైడ్, అంటే వేళ్ల వైపు అంచు, బాగానే కోస్తోంది. హీల్ సైడ్‌లో, అంటే మడమ వైపు అంచు మీద మాత్రం బోర్డు బాగా వాలినప్పుడు హఠాత్తుగా జారిపోతోంది. నాలుగైదు రన్‌లయ్యేసరికి వెనక మోకాలి లోపలి పక్క నొప్పి మొదలవుతోంది. క్యాంట్ (పాదం పక్కలకి వంపు) ఇంకా పెంచమని ఒకరు, కోణం తగ్గించమని ఇంకొకరు చెప్పారు. ముందు ఏది ముట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

మొదట కోణం, అదీ పెంచాలి. క్యాంట్ పెంచకూడదు, తీసెయ్యాలి. ముందు కాలు 60, వెనక కాలు 57 పెట్టండి. స్టాన్స్ (రెండు కాళ్ల మధ్య దూరం) 49కి తగ్గించండి. వెనక బైండింగ్‌లో పక్కవంపు వెడ్జ్‌లు తీసేసి మడమ ఎత్తు మాత్రం సుమారు 3 డిగ్రీలు ఉంచండి. ముందు బైండింగ్‌లో వేళ్ల కింద 3 డిగ్రీలు ఎత్తండి. ఇదే మీ మొదటి సెట్టింగ్. క్యాంట్ సంగతి అన్నిటికన్నా చివర, అదీ మోకాలు అడిగితేనే.

ఎందుకో చెప్తాను. మీకున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. హీల్ సైడ్ జారుడు కోణం వల్ల వచ్చింది, మోకాలి నొప్పి క్యాంట్ వల్ల వచ్చింది. ఒకేసారి మొదలయ్యాయి కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. జారుడు తగ్గుతుందేమోనని క్యాంట్ పెంచుకుంటూ పోవడం చాలామంది చేసే పనే, నేనూ చాలా కాలం చేశాను. అలా పెంచితే జారుడు ఎక్కడికీ పోదు, నొప్పి మాత్రం పెరుగుతుంది.

జారుడు సంగతి ముందు. కాలు బోర్డుకి అడ్డంగా ఉంటే సున్నా డిగ్రీలు, ముక్కు వైపు తిరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. కోణం తక్కువైతే బూటు మడమా, ముందు భాగమూ బోర్డు అంచు దాటి బయటికి వస్తాయి. బోర్డు వాలినప్పుడు అలా బయటికొచ్చిన బూటు మంచుకి తగులుతుంది. తగిలిన క్షణంలో బరువంతా అంచు మీద నుంచి బూటు మీదికి వెళ్తుంది, అంచు మంచులోంచి లేచిపోతుంది. మీరు రాసిన 'హఠాత్తుగా' అన్న మాట చూడగానే నాకు అనుమానం వచ్చింది ఇందుకే. బ్యాలెన్స్ తప్పి జారితే కొంచెం ముందే తెలుస్తుంది, అంచు కరకరలాడుతూ నెమ్మదిగా వదులుతుంది. బూటు తగిలి జారితే ఆ హెచ్చరిక ఏమీ ఉండదు. బాగా పట్టుకుని ఉన్న బోర్డు కాళ్ల కింద నుంచి ఒక్కసారిగా మాయమైనట్టు ఉంటుంది.

మీ కొలతలతో లెక్క వేసి చూద్దాం. 31 సెంటీమీటర్ల బూటు, వెడల్పు సుమారు 7.5, రెండు కొసలూ గుండ్రం అనుకుంటే, 50 డిగ్రీల్లో అది బోర్డుకి అడ్డంగా ఆక్రమించే చోటు దాదాపు 22.5 సెంటీమీటర్లు. 55లో 21, 57లో 20.3, 60లో 19.3 దగ్గరికి వస్తుంది. బోర్డు నడుము దగ్గర 20 ఉంటే, బైండింగ్‌లు కూర్చునే చోట అంచు వంపు వల్ల మొత్తం వెడల్పు సుమారు అర సెంటీమీటరు ఎక్కువ ఉంటుంది. అంటే మీ వెనక బూటు రెండు పక్కలా కలిపి రెండు సెంటీమీటర్లు బయటికి ఉంది. సరిగ్గా మధ్యలో పెట్టి ఉంటే ఒక్కో పక్క ఒకటి. టో సైడ్ బాగుండి హీల్ సైడ్ మాత్రమే జారుతోందంటే బూటు మధ్యలో లేదు, మడమ వైపు ఎక్కువ వచ్చింది. మడమ పక్క ఒకటిన్నర, రెండు ఉన్నా నేను ఆశ్చర్యపోను.

బూటు బయటికి ఎంత వచ్చిందో, మంచు నుంచి ఎంత ఎత్తులో ఉందో తెలిస్తే ఏ వాలులో తగులుతుందో చెప్పొచ్చు. బోర్డు అడుగు నుంచి బూటు అట్ట వరకు 3 సెంటీమీటర్లు అనుకోండి. ఒక సెంటీమీటరు బయటికి ఉంటే దాదాపు 71 డిగ్రీల వాలు దాకా తగలదు. రెండు సెంటీమీటర్లు ఉంటే 56 డిగ్రీలకే తగులుతుంది. ఇది గట్టి నేల మీద లెక్క. మంచులో అంచు లోపలికి దిగుతుంది కాబట్టి నిజంగా అంతకన్నా ముందే తగులుతుంది, మెత్తటి మంచులో ఇంకా ముందు. అందుకే ఉదయం గట్టిగా ఉన్న వాలు మీద బాగా నడిచిన సెట్టింగే మధ్యాహ్నం మంచు మెత్తబడ్డాక జారుతుంది. అప్పుడు చాలామంది తమ కాళ్లు అలిసిపోయాయనుకుంటారు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. తివాచీ మీద బోర్డు పెట్టి, బైండింగ్‌లలో ఖాళీ బూట్లు బిగించి, బోర్డుని మెల్లగా హీల్ అంచు మీదికి వాల్చండి. బూటు నేలకి ఎప్పుడు తగులుతుందో, రెండు బూట్లలో ఏది ముందు తగులుతుందో చూడండి. తర్వాత టో సైడ్. రెండు వైపులా దాదాపు ఒకే వాలులో తగలాలి, లేదా అసలు తగలకుండా బోర్డు నిలువుదాకా రావాలి. బూటు మాత్రమే కాదు, ముందు బెయిల్ (బూటుని పట్టే తీగ) లీవరూ, హీల్ పీస్ (మడమ పట్టు) మూలలూ కూడా తగలొచ్చు. మంచు మీదైతే మీరు కోసిన గాడినే చూడండి. మంచి కార్వ్ (జారకుండా అంచు మీదే కోసే మలుపు) గాడి సన్నగా, అడుగున పదునుగా ఉంటుంది. ఆ గాడి పక్కనే వేలెడు దూరంలో ఇంకో గరుకు చార కనిపిస్తే అది మీ బూటు గీసింది. నేనైతే చెయిర్‌లిఫ్ట్‌లో పైకి వెళ్తున్నప్పుడు కింద నా గాడులు వెతుక్కుంటాను. ఆ చార ఎక్కడ మొదలైందో తెలిస్తే మలుపులో ఏ భాగంలో తగిలిందో తెలిసిపోతుంది.

కోణం పెంచితే మంచిదన్నాను కదా అని 65 దాటించకండి. అది కూడా తప్పే. బూటు అంచుకి సరిగ్గా లోపల ఆగితే చాలు, ఒక పక్కన కొన్ని మిల్లీమీటర్లు లోపల ఉన్నా ఫర్వాలేదు. మరీ లోపలికి వెళ్తే వేళ్లతోనూ మడమతోనూ అంచుని నొక్కే పట్టు పోతుంది. అప్పుడు మోకాళ్లని పక్కలకి తోసి బోర్డుని వాల్చాల్సి వస్తుంది. ఒక సీజనంతా నేను 21.5 నడుము బోర్డు మీద 66/66 (ముందు/వెనక) పెట్టుకుని తిరిగాను. రేసర్లు అలా పెడతారని విన్నాను కాబట్టి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారడానికి నాకు ఎప్పుడూ ఆలస్యమయ్యేది. సాయంత్రానికి వెనక తుంటి బిగుసుకుపోయి మెట్లు దిగడం కష్టమయ్యేది. రేసర్ల బోర్డులు సన్నగా ఉంటాయి, వాళ్ల కోణం ఆ సన్నదనానికి తగ్గట్టు వచ్చింది. పైగా వాళ్లు బోర్డుకీ బైండింగ్‌కీ మధ్య ప్లేట్ బిగిస్తారు, దానితో బూటు ఇంకా ఎత్తులోకి పోతుంది. 2018లో ప్యోంగ్‌చాంగ్‌లో, 2022లో బీజింగ్‌లో ఒలింపిక్స్‌లో పారలల్ జెయింట్ స్లాలమ్ (ఇద్దరు పక్కపక్కనే దిగే స్నోబోర్డు పందెం) బంగారు పతకాలు గెలిచిన ఎస్తర్ లెడెట్స్కా మలుపులు చూస్తే ఎవరికైనా ఆ సెట్టింగే కావాలనిపిస్తుంది. కానీ ఆ కోణాలు ఆ బోర్డుకి, ఆ శరీరానికి కుదిరినవి. కోణాన్ని మీ బోర్డు వెడల్పూ మీ బూటు పొడవూ నిర్ణయిస్తాయి. నేను అదే 21.5 బోర్డు మీద 56/53కి వచ్చాక, అదే బోర్డు మొదటిసారి వంకల మధ్య నాకోసం ఎదురుచూడకుండా నాతో పాటే తిరిగింది.

ముందు వెనక కోణాల మధ్య తేడా గురించి రెండు మాటలు. 3 నుంచి 5 డిగ్రీల తేడా ఎక్కువమందికి సరిపోతుంది. తేడా పెరిగితే తుంటికి వెసులుబాటు ఉంటుంది, కానీ వెనక బూటు మళ్లీ అంచు దాటే ప్రమాదం ఉంది. తేడా సున్నా అయితే రెండు మోకాళ్లూ ఒకే దిక్కుకి కదులుతాయి, అది కొందరికి బాగుంటుంది. వెనక కోణం ముందుదానికన్నా ఎక్కువ పెట్టేవాళ్లూ ఉన్నారు, మీరు ఇప్పట్లో అటు వెళ్లకండి.

బూటుని మధ్యలో కూర్చోబెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ మీ విషయంలో సగం జబ్బు ఇక్కడే ఉంది. కోణం బిగించాక, ఒక స్కేలు తీసుకుని బూటు మడమ నుంచి హీల్ అంచుకి ఎంత ఉందో, వేళ్ల కొస నుంచి టో అంచుకి ఎంత ఉందో కొలవండి. అరికాలి పొడవునా కాదు, అంచుకి లంబంగా కొలవాలి. రెండూ సమానం కాకపోతే టో పీస్, హీల్ పీస్ రెండిటినీ ఒకే దిశలో జరపండి. ఒక చిక్కుంది. 60 డిగ్రీల్లో బూటుని దాని పొడవు దిశలో ఒక సెంటీమీటరు జరిపితే అది అడ్డంగా కదిలేది అర సెంటీమీటరే, బోర్డు పొడవునా మాత్రం దాదాపు 0.9 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే మీరు మధ్యకి తెస్తున్నాననుకుంటూ స్టాన్స్ వెడల్పుని కూడా మార్చేస్తున్నారు. అందుకే బూటు మధ్యకి వచ్చాకే స్టాన్స్ కొలవాలి.

స్టాన్స్‌ని ఎక్కువమంది సాఫ్ట్ బూట్ల అలవాటుతో వెడల్పుగా పెడతారు. కాళ్లు ఎడంగా ఉంటే బోర్డు మీద నిలకడ ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ హార్డ్ బూటులో చీలమండ అంతగా వంగదు. ఎడం పెరిగిన ప్రతి సెంటీమీటరుకీ మోకాలూ తుంటీ జవాబు చెప్పాల్సి వస్తుంది, దాన్ని సర్దడానికి వెడ్జ్‌లు పెరుగుతాయి. మొదటి కొలతకి నేను వాడేది సులువైన పద్ధతి: నేల నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా ఎంత ఉంటే అంత. మీ ఎత్తుకి అది 48, 49 దగ్గర వస్తుంది. అక్కడి నుంచి అటో ఇటో ఒక సెంటీమీటరు మీ ఇష్టం. మీరు 52 నుంచి 49కి వస్తే, ఇప్పుడు పెట్టిన వెడ్జ్‌లలో సగం అవసరమే ఉండదు.

ఇప్పుడు లిఫ్ట్, క్యాంట్. ఈ రెండు మాటల్నీ కలిపేసి వాడటం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. లిఫ్ట్ అంటే పాదం పొడవు దిశలో వంపు: వేళ్లు పైకి, లేదా మడమ పైకి. క్యాంట్ అంటే పాదం పక్కలకి వంపు: చిటికెన వేలి పక్క ఎత్తితే మోకాలు లోపలికి వాలుతుంది, బొటనవేలి పక్క ఎత్తితే బయటికి.

లిఫ్ట్ దాదాపు అందరికీ కావాలి. కారణం సులువే. మన తుంటి రెండు పాదాలకీ మధ్యలో ఉంటుంది. ముందు పాదం నుంచి చూస్తే తుంటి వెనక ఉంది, వెనక పాదం నుంచి చూస్తే ముందు ఉంది. ముందు బూటు చదునుగా ఉంటే దాని కఫ్ (పిక్కని చుట్టే పై భాగం) మీ కాలిని బోర్డు ముక్కు వైపు తోస్తుంది, కాలేమో వెనక్కి పోవాలనుకుంటుంది. మధ్యలో నిలబడినప్పుడు ముందు కాలి పిక్క బూటు వెనక గోడకి నొక్కుకుంటుంటే వేళ్ల కింద లిఫ్ట్ కావాలని అర్థం. వెనక కాలి ముంగాలి ఎముక బూటు నాలుక మీద నొక్కుకుంటూ, మడమ బూటు లోపల లేస్తుంటే మడమ కింద లిఫ్ట్ కావాలి. నిలబడి ఈ రెండు చోట్లా ఒత్తిడి ఎలా ఉందో గమనించండి. పిక్క ముందూ వెనకా బూటుకి సమానంగా, తేలికగా తగులుతుంటే అక్కడ ఆపండి. అతిగా పెడితే దాని జబ్బు దానికుంది. వెనక మడమ మరీ ఎత్తితే వెనక మోకాలు ఎప్పుడూ వంగే ఉంటుంది, తొడ మండిపోతుంది, కాలు చాపే వెసులుబాటు పోతుంది.

లిఫ్ట్ పెట్టే ముందు బూటునే ఒకసారి చూడండి. హార్డ్ బూటు వెనక ముందువాలు మార్చే లాక్ ఉంటుంది, దానికి కొన్ని స్థానాలుంటాయి. ముందు కాలికి నిటారుగా, వెనక కాలికి ఒకటి రెండు స్థానాలు ఎక్కువ వాలుగా పెట్టడం మామూలు. మీ రెండు బూట్లూ ఒకే స్థానంలో ఉన్నాయేమో చూడండి. ఆ ఒక్క మార్పుతో ఒక వెడ్జ్ తగ్గిపోయినవాళ్లు నాకు తెలుసు. బూటు పక్కన కఫ్ వంపు సర్దే స్క్రూ కూడా ఉంటే, కఫ్ మీ పిక్క వంపుకి సరిపోయేలా అదీ ముందే సర్దుకోవాలి. బూటులోనే వంకర ఉంటే దాన్ని బైండింగ్ కింద సరిదిద్దలేం.

ఇక క్యాంట్, మీ మోకాలు. పాదం బూటులో బిగుసుకుని ఉంది, బూటు బైండింగ్‌లో బిగుసుకుని ఉంది. అడుగున వెడ్జ్ పాదాన్ని లోపలికి వాల్చితే చీలమండ ఆ వంపుని మింగలేదు, అది నేరుగా మోకాలికి వెళ్తుంది. మోకాలు లోపలికి నొక్కుకున్నప్పుడు లోపలి పక్క లిగమెంట్ సాగుతుంది. ప్రతి మలుపులోనూ మీ బరువుకి మించిన బలం అదే వంపులో పడుతుంది. మీ నొప్పి లోపలి పక్క ఉంది, మీ వెడ్జ్ లోపలికి ఉంది, స్టాన్స్ 52 ఉంది. నాకు ఇంకో కారణం వెతకాల్సిన పని కనబడటం లేదు.

సరైన క్యాంట్ ఎంతో తెలుసుకోవడానికి నేను చేసే పని ఇది. నున్నటి నేల మీద టేపుతో ఒక పొడవు గీత పెట్టండి, అది బోర్డు. దాని మీద 49 సెంటీమీటర్ల దూరంలో 60, 57 డిగ్రీల గీతలు రెండు పెట్టండి. బూట్లు వేసుకుని బిగించి ఆ గీతల మీద నిలబడి, మోకాళ్లు కార్వ్‌లో వంగినంత వంచండి. కళ్లు మూసుకుని రెండు మూడుసార్లు లేచి వంగండి, మోకాళ్లు ఎటు పోవాలనుకుంటే అటు పోనివ్వండి. ఇప్పుడు ఒక దారానికి నట్టు కట్టి, ఎవరినైనా మీ మోకాలి చిప్ప మధ్య నుంచి వదలమనండి. నట్టు ఊగడం ఆగాక అది బూటు మీద ఎక్కడ ఆగిందో చూడండి. బొటనవేలి పక్క వేలికి సూటిగా పడితే ఆ కాలికి క్యాంట్ అక్కర్లేదు. బొటనవేలు దాటి లోపలికి పడితే మోకాలు ఇప్పటికే లోపలికి ఉంది, ఇంకా లోపలికి వాల్చడం హాని. చిటికెన వేలి వైపు పడితే బూటు బయటి పక్క కింద అట్టముక్కలు ఒక్కొక్కటే దూర్చుకుంటూ వెళ్లండి. నట్టు రెండో వేలి మీదికి రాగానే ఆపి, ఆ అట్టల మందం కొలవండి. బూటు వెడల్పు 7.5 సెంటీమీటర్లుంటే 4 మిల్లీమీటర్ల మందం అంటే దాదాపు 3 డిగ్రీలు. మీకు కావాల్సిన క్యాంట్ అదే, అంతకు మించి ఒక్క డిగ్రీ కూడా వద్దు.

నాతో పాటు తిరిగే ఒకాయనకి కాళ్లు కొంచెం దొడ్డిగా, విల్లులా ఉంటాయి. ఆయనకి నట్టు చిటికెన వేలి అవతల పడింది. చదును బైండింగ్ మీద ఏళ్ల తరబడి వెనక మోకాలి బయటి పక్క నొప్పితో ఉన్నారు, వెనక కాలికి 3 డిగ్రీలు లోపలికి పెట్టాక హాయిగా ఉంది. ఆయన బోర్డు చూసి ఇంకో అమ్మాయి అదే సెట్టింగ్ పెట్టుకుంది. ఆమె మోకాళ్లు సహజంగానే దగ్గరగా ఉంటాయి. రెండు రోజుల్లో వెనక మోకాలు ముందు మోకాలి వెనక భాగాన్ని గుద్దుకోవడం మొదలైంది, లోపలి పక్క నొప్పి వచ్చింది. వెడ్జ్ తీసేశాం, మూడో రోజుకి మామూలైంది. ఒకే ఎత్తు, ఒకే బూటు సైజు ఉన్న ఇద్దరికి క్యాంట్ ఇంత తేడా ఉండొచ్చు. అందుకే ఎవరి క్యాంట్ అంకె అడిగినా నేను చెప్పను, దారం కట్టమంటాను.

బైండింగ్ రకాన్ని బట్టి ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. ఎఫ్2 కంపెనీ రకం బైండింగ్‌లలో టో పీస్, హీల్ పీస్ కింద వెడ్జ్‌లు వస్తాయి, కోణం మార్చితే వెడ్జ్ కూడా పాదంతో పాటే తిరుగుతుంది. కాబట్టి పాదానికి లిఫ్ట్ లిఫ్ట్‌గానే, క్యాంట్ క్యాంట్‌గానే మిగులుతాయి. బాంబర్ కంపెనీ టీడీ3 రకంలో వంపు మధ్యనున్న డిస్క్‌లో ఉంటుంది, సున్నా, 3, 6 డిగ్రీల డిస్క్‌లు దొరుకుతాయి. అక్కడ వంపు బోర్డుకి అతుక్కుని ఉంటుంది, పాదం దాని మీద తిరుగుతుంది. 3 డిగ్రీల డిస్క్‌ని బోర్డు పొడవునా లోపలికి వాలేలా పెట్టి, పాదాన్ని 60 డిగ్రీల్లో ఉంచితే, పాదానికి అందేది 2.6 డిగ్రీల లిఫ్ట్, 1.5 డిగ్రీల క్యాంట్. అదే డిస్క్ మీద పాదాన్ని 45కి తిప్పితే రెండూ 2.1 అవుతాయి. 30కి తిప్పితే లిఫ్ట్ 1.5కి పడిపోయి క్యాంట్ 2.6కి ఎక్కుతుంది. అంటే డిస్క్ ముట్టుకోకుండా కోణం ఒక్కటి మార్చినా మోకాలికి అందే వంపు మారిపోతుంది. 'నేను క్యాంట్ మార్చలేదు, అయినా మోకాలు నొప్పి మొదలైంది' అని రాసేవాళ్లలో కొందరి సంగతి ఇదే. మీది వెడ్జ్ రకం కాబట్టి మీకీ బాధ లేదు, రేపు బైండింగ్ మార్చితే గుర్తుంచుకోండి.

అందుకే నా వరస ఎప్పుడూ ఇదే: బూటు, కోణం, మధ్యకి తేవడం, స్టాన్స్, లిఫ్ట్, ఆఖరున క్యాంట్. పై మెట్టు ఏది మార్చినా దాని కిందవన్నీ మళ్లీ చూసుకోవాలి. వెనక నుంచి మొదలెడితే చేసిందే మళ్లీ మళ్లీ చెయ్యాలి.

మంచు మీద పరీక్ష. మీకు బాగా తెలిసిన, తక్కువ వాలున్న, వెడల్పాటి రన్ ఒకటి ఎంచుకోండి. ఒక మార్పుకి మూడు రన్‌లు, ఒకసారి ఒకటే మార్పు. మొదటి రన్‌లో శరీరం పాత సెట్టింగ్‌నే వెతుక్కుంటుంది, దాన్ని నమ్మకండి. రెండో రన్‌లో వాలుకి అడ్డంగా, చేతులు కదపకుండా, ఒక్క అంచు మీదే నిలబడి పోనివ్వండి, తర్వాత రెండో అంచు. ఆగి వెనక్కి తిరిగి గీత చూడండి. రెండు వైపులా గీత ఒకే సన్నదనంలో ఉండాలి. ఒక వైపు గీత తోక దగ్గర చెదిరి వెడల్పైతే వెనక కాలు మీద ఏదో తేడా ఉంది. మూడో రన్ మీ మామూలు కార్వ్. చదును చోట నేరుగా జారుతూ చిన్నగా ఎగిరి దిగి చూడండి. బోర్డు చదునుగా దిగకుండా ప్రతిసారీ ఒకే అంచు మీద పడుతుంటే బూటు మధ్యలో లేదు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ప్రతి మార్పూ రాసుకోండి. నాది తడిసి ముద్దైన పుస్తకమే, కానీ మూడేళ్ల కింద ఏ మంచులో ఏ కోణంలో ఉన్నానో అందులో ఉంది. బైండింగ్ డిస్క్ పక్కన పెయింట్ పెన్నుతో గీత పెడితే బైండింగ్ జారినా వెంటనే కనబడుతుంది.

మీరు 60/57కి మారగానే మొదటి రోజు ఇరుకుగా, కాళ్లు కట్టేసినట్టు ఉంటుంది. ఛాతీని పక్కకి కాకుండా బూట్లు చూసే దిక్కుకి తిప్పండి, తుంటిని కూడా. 57 డిగ్రీల కాళ్ల మీద సాఫ్ట్ బూట్ల పక్కవాటు భంగిమలో నిలబడితే వెనక మోకాలు మళ్లీ మెలిపడుతుంది, ఆ నొప్పిని ఏ వెడ్జూ తగ్గించలేదు.

బోల్టుల గురించి తప్పకుండా చదవండి. వెడ్జ్ పెట్టినా తీసినా బోల్టు పొడవు మారాలి. మర ఎం6 (ఆరు మిల్లీమీటర్ల బోల్టు) అయితే ఒక పూర్తి చుట్టుకి బోల్టు ఒక మిల్లీమీటరు లోపలికి దిగుతుంది. చేతితో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి, పట్టు దొరికాక కనీసం ఆరు చుట్లు తిరగాలి. నాలుగుకే బిగుసుకుంటే ఆ బోల్టు పొట్టిది. వెడ్జ్ తీసేశాక పాత పొడవు బోల్టే వాడితే అది అడుగుకి తగిలి ఆగుతుంది. పైకి బిగుసుకున్నట్టే ఉంటుంది, బైండింగ్ మాత్రం వదులుగా ఉంటుంది. ఇంకా బిగిస్తే బోర్డు దెబ్బతింటుంది. మీరు ఇప్పుడు వెనక నుంచి వెడ్జ్‌లు తీస్తున్నారు, ముందు కాలికి పెడుతున్నారు, కాబట్టి రెండు ప్రమాదాలూ మీకున్నాయి.

ఒకసారి నేను సాయంత్రం తొందరలో వెనక హీల్ పీస్ కింద ఇంకో వెడ్జ్ పెట్టి పాత బోల్టులే బిగించాను. చుట్లు లెక్కపెట్టలేదు. మర్నాడు మూడో రన్‌లో హీల్ సైడ్ మలుపు మధ్యలో హీల్ పీస్ ఊడి వచ్చేసింది. వెనక కాలు విడిపోయింది, ముందు కాలు బోర్డుకే ఉంది. ఆ వేగంలో శరీరం ఒక వైపు, బోర్డు ఒక వైపు వెళ్లాయి. భుజం వాచి పది రోజులు చెయ్యి ఎత్తలేకపోయాను. ముందు మోకాలు మెలిపడకపోవడం కేవలం అదృష్టం. ఈ బైండింగ్‌లు స్కీ బైండింగ్‌లలా పడినప్పుడు విడిపోయేవి కావు, ఒక కాలు ఊడితే రెండో కాలి మీద పడే మెలిక చాలా చెడ్డది. అప్పటి నుంచి ఎంత ఆలస్యమైనా చుట్లు లెక్కపెట్టకుండా బోర్డు ఎక్కలేదు.

స్క్రూడ్రైవర్ పోజీడ్రైవ్ నంబర్ 3 వాడండి. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది, అరిగిన బోల్టుని మంచులో వేళ్లు కొంకర్లు పోతుండగా తియ్యడం నరకం. మరలు వదులవుతాయని నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరని పట్టి ఉంచే జిగురు) రాసేవాళ్లున్నారు, లోహం మీద సరే, ప్లాస్టిక్ వెడ్జ్‌కి తగిలితే ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. వెడ్జ్ మార్చాక ముందు వెనక బెయిల్‌ల మధ్య దూరం కూడా కొంచెం మారుతుంది, కాబట్టి బూటు పెట్టి లీవర్ బిగువు మళ్లీ చూసుకోండి. కొత్త ప్లాస్టిక్ వెడ్జ్‌లు బరువు పడ్డాక కాస్త నలిగి కూర్చుంటాయి. మొదటి రన్ అవగానే కింద ఆగి, బోల్టులన్నీ ఇంకోసారి బిగించాకే చెయిర్‌లిఫ్ట్ ఎక్కండి.

మోకాలి విషయంలో ఒక్క మాట. క్యాంట్ తీసేసి, స్టాన్స్ తగ్గించాక నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. వాపు ఉన్నా, మోకాలు పట్టేసినట్టు ఆగిపోతున్నా, మెట్లు దిగేటప్పుడు జారిపోతున్నట్టున్నా ఇక సెట్టింగ్‌లతో ప్రయోగాలు చెయ్యకండి, బోర్డు పక్కన పెట్టి ఎముకల డాక్టరుకి చూపించండి.

60/57, 49, వెనక మడమ 3, ముందు వేళ్లు 3, క్యాంట్ సున్నా. దీని మీద రెండు రోజులు తిరిగాక హీల్ సైడ్ గాడి ఎలా ఉందో, దారం కట్టినప్పుడు రెండు మోకాళ్లకీ నట్టు ఎక్కడ పడిందో రాయండి. వీలైతే హీల్ అంచు మీద నిలబెట్టిన బోర్డుని వెనక నుంచి ఫోటో తీసి పెట్టండి, బూటుకీ నేలకీ మధ్య ఖాళీ అందులో కనబడాలి. క్యాంట్ అరడిగ్రీ అయినా పెట్టాలో అక్కర్లేదో అది చూసి చెప్తాను.